ఆరడుగుల తొట్టి

ఆ నీలం చేప తొట్టి చాలక చచ్చిందా, నీళ్లు పడక చచ్చిందా? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే, చిన్నరాములు. ఆ చేప మొప్ప ఎత్తి చూసింది అతనొక్కడే. చూసి ఒక మాట అన్నాడు. ఆ మాట అబద్ధమని ఎవరూ రుజువు చేయలేరు. నిజమని అతను కూడా ఒట్టు వేయలేడు.

చిన్నరాములుది పటాన్‌చెరు దగ్గర ముత్తంగి దాటి లోపలికి నాలుగు మైళ్లు పోతే వచ్చే రాళ్లమడుగు. భూమి లేని ఇల్లు. ఎండాకాలం కూలి, వానలు పడ్డాక ఊరి పక్క వాగులో వల. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. వాగులో పట్టిన చేపలన్నీ ఒడ్డున కుప్ప పోసి, పంచుకునే ముందు చిన్నరాములు తండ్రిని పిలిచేవారు. ఆయన కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క చేప మొప్పను బొటనవేలితో ఎత్తి, ఎరుపు చూసి, వాసన చూసి, "ఇది తినేది", "ఇది పారేసేది" అంటూ రెండు పక్కలకు వేసేవాడు. ఆయన వేసిన పక్కను మార్చే ధైర్యం ఊరి పటేలుకు కూడా లేదు. తండ్రి పోయాక ఆ పని చిన్నరాములుకు వచ్చింది. పొలం రాలేదు, ఎడ్లు రాలేదు. వారసత్వంగా వచ్చింది ఆ మాట ఒక్కటే.

ఎనభైలలో వాగు ఎగువన ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఒక పొద్దున వాగు నిండా చేపలు వెల్లకిలా తేలాయి. ఊరంతా బుట్టలతో వచ్చింది. చిన్నరాములు కూర్చుని మొప్పలు ఎత్తడం మొదలుపెట్టాడు. కాలిన ఇటుక రంగు, మీద జిగట. పారేసేది, పారేసేది, పారేసేది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అదే మాట అన్నాడు. ఆ రోజు తినే పక్క ఖాళీగా ఉండిపోయింది.

మరుసటేడు అతను వల మడిచి అటక మీద పెట్టి, ఎగువనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. కడుపుకు మరో దారి లేదని అందరికీ తెలుసు.

గోదాముల వెనుక, వాడిన నీళ్లను శుద్ధి చేసేచోట అతని పని. అందరూ దాన్ని ఈటీపీ అనేవారు. నురగ తీయడం, బురద ఎత్తడం. చివరన నీళ్లు ఒక గొట్టంలో పడి వాగులో కలుస్తాయి. ఆ గొట్టం పక్కన చిన్న సిమెంటు తొట్టి, అందులో అవే నీళ్లు, నాలుగు చేపలు. ఎవరైనా అధికారి వస్తే, మా నీళ్లలో చేపలు బతుకుతున్నాయి చూడండి అని చూపించడానికి. పొద్దున రాగానే చచ్చినవాటిని తీసి, బకెట్లో కొత్తవి తెచ్చి వేయడం కూడా చిన్నరాములు పనే. ఈ సంగతి భార్య సోమమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సోమమ్మ విని, "అయితె మీ కంపెనీల చేపలు గూడ షిఫ్టు డ్యూటీ చేస్తయన్నట్టు," అంది. నవ్వబోయి దగ్గులో పడింది. ఆమెకు అప్పటికే ఆయాసం. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడాలి. కాంట్రాక్టు మనిషికి ఈఎస్ఐ కార్డు ఉండదు. కార్డు లేనిదే పెద్ద డాక్టర్లు చూసే దవాఖాన లేదు. అతను పర్మనెంట్ అయితే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ఆ ఇంట్లో లెక్క అంతే.

తొంభై ఆరులో రాళ్లమడుగు వాళ్లు వాగు గురించి పైకి కాగితం పెట్టారు. వానాకాలం చివర్న అధికారుల కమిటీ వస్తుందని, ఊరివాళ్లను కూడా లోపలికి తెచ్చి చూపిస్తారని కబురు వచ్చింది. అప్పుడే చలపతిరావు చిన్నరాములును పిలిపించాడు. నీళ్ల వ్యవహారమంతా చూసే ఆఫీసరు ఆయన. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాడు. కూలీలను కూడా కుర్చీలో కూర్చోమని అనేవాడు, వాళ్లు కూర్చోకపోయినా.

"ఈసారి సిమెంటు తొట్టి కాదయ్యా. ముందు హాల్లో అద్దాల తొట్టి పెడుతున్నాం. చేపలు ఆఫ్రికావి. సిక్లిడ్ అంటారు. అక్కడి సరస్సుల నీళ్లు సున్నపు నీళ్లలా గట్టిగా ఉంటాయట. మన నీళ్లు వాటికి పుట్టింటి నీళ్లు," అన్నాడు.

రెండడుగుల తొట్టి, ఎనిమిది చేపలు వచ్చాయి. పసుపువి ఐదు, నీలంవి మూడు. అలవాటు పడేదాకా మంచినీళ్లలోనే ఉంచమన్నాడు చలపతిరావు. రెండో రోజుకే ఒక పసుపు చేప మూలకు నక్కి, తోక పీలికలై కనిపించింది. వారం తిరిగేసరికి మూడు చచ్చాయి. చిన్నరాములు మొప్పలు ఎత్తి చూశాడు. మందారపువ్వులా ఎర్రగా ఉన్నాయి. నీళ్ల తప్పు కాదు. పొద్దంతా తొట్టి ముందు కూర్చుని కనిపెట్టాడు. పెద్ద నీలం చేప నడిమి రాయిని పట్టుకుని, దాని ముందునుంచి ఎవరు పోయినా తరిమి కొరుకుతోంది.

"సార్, దానికి రెండడుగుల జాగ సొంతం గావాలె. తొట్టే రెండడుగులాయె. మిగిలినయి యాడికి పోవాలె?"

"అంటే ఒక్కో చేపకు ఒక ప్లాటు రిజిస్టరు చేయించమంటావా?" చలపతిరావు నవ్వాడు. "సరే. ఎంత సైజు కావాలో నువ్వే కనుక్కుని రా."

పటాన్‌చెరు బజార్లో యాదన్నది అద్దాల దుకాణం. దేవుడి పటాలకు ఫ్రేములు కట్టేవాడు. హైదరాబాదు బంగళాలవాళ్లకు చేపల తొట్లు కూడా చేసి పంపేవాడు. చిన్నరాములు అడిగింది విని, కోస్తున్న అద్దం పక్కన పెట్టాడు.

"ఎంత లోతుది పెడ్దామంటవ్ యాదన్నా?"

"లోతెందుకే? గిదేమన్న బాయా? గీ జాతి రాళ్ల నడుమ తిరిగే జాతి. పొడుగు గావాలె, వెడల్పు గావాలె. రెండడుగులంటే జైలు ఖోలీ. తక్కువల తక్కువ నాలుగడుగులు. ఆరైతే ఇగ అడుగుడే లేదు."

"ఎనిమిది చేపలకు ఆరడుగులా?"

"ఎనిమిదెవడు ఎయ్యమన్నడు? ఇరవై ఎయ్యి."

"ఎనిమిదే సంపుకుంటున్నయంటే ఇరవై ఎయ్యమంటవేంది? తాగినవా?"

"గదే కిటుకు. కొన్నే ఉంటె ఒక్కదాన్ని పట్టుకొని సతాయిస్తయి. పొడుగు జాగల మస్తుగుంటె ఎవన్ని తరమాల్నో తెల్వక ఊకుంటయి. మొగయి తక్కువ, ఆడయి ఎక్కువ ఉండాలె. రాళ్లు గుట్టగా పేర్చు, ఒకదానికొకటి కనబడకుండ. బస్తీల మనం బతుకుతలేమా గట్లనే?"

ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. చలపతిరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటాడని చిన్నరాములు అనుకోలేదు. మందపాటి అద్దం, ఇనుప స్టాండు, కంకర మిషన్ల దగ్గరినుంచి ఏరి తెచ్చిన రాళ్లు. మిగిలినవాటికి కొత్తవి కలిపి ఇరవై చేపలను ఒకేసారి వదిలారు. మొదటి గంట కొంచెం తరుముకున్నాయి. పొద్దుగూకేసరికి దేని సందు అది చూసుకుంది. అప్పుడప్పుడు ఒకదాన్నొకటి బెదిరించుకునేవి, అంతే. తోకలు మళ్లీ మొలిచాయి. షిఫ్టు మారేటప్పుడు కూలీలు వచ్చి చూసి, "చేపల డాక్టర్, మా ఖోలీ గూడ గిట్ల సదురు జెర," అని ఏడిపించేవారు. చిన్నరాములు బతుకులో అంత హాయిగా గడిచిన నెల మరొకటి లేదు.

ఆ నెలలోనే ఒక పసుపు చేప తిండి మానేసింది. దవడ కింద ఉబ్బింది. జబ్బనుకుని భయపడ్డాడు. యాదన్న చెబితే తెలిసింది, ఆ జాతి ఆడచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుందట.

"ఇరవై దినాలైతదట, మెతుకు ముట్టదట," అని సోమమ్మకు చెప్పాడు.

"నోరు తెరిస్తె పిల్లలు పోతయని దానికి భయం," అంది సోమమ్మ.

కమిటీ రావడానికి పది రోజులుందనగా మంచినీళ్లు కొంచెం కొంచెం తీసి ఈటీపీ నీళ్లు కలపమన్నాడు చలపతిరావు. నాలుగు రోజుల్లో తొట్టి మొత్తం ఆ నీళ్లే అయింది. ఐదో రోజు పసుపు చేప పిల్లల్ని గడువుకు ముందే కక్కేసింది. ఇంకా గుడ్డు సొన వదలని పిల్లలు. ఆరో రోజు అది రాళ్ల మీద పక్కకు ఒరిగి ఉంది. దాని వెనక మరో రెండు.

చిన్నరాములు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆఫీసు గదికి పోయాడు.

"సార్, ఇది కొట్లాడి సచ్చింది గాదు."

చలపతిరావు లేచి తలుపు వేశాడు. "ఎలా చెప్తావు?"

"తోక సూడుండ్రి. ఒక్క గీరుడు లేదు. ఆరడుగుల జాగుంది, దీన్ని ముట్టినోడు లేడు. మొప్ప సూడుండ్రి ఇగ."

చలపతిరావు చూడలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఈటీపీలో గాలి కొట్టే మెషిన్లు రెండేళ్లుగా పనిచేయడం లేదు. మార్చమని రాస్తూనే ఉన్నాను. మా మాట పైవాళ్లు వినరయ్యా," అన్నాడు. "మొదటి తొట్టి ఉందా ఇంకా?" అని అడిగాడు.

"గోదాముల ఉంది."

"పెద్ద తొట్టి హాల్లో అడ్డంగా ఉందంటున్నారు. నేనేమీ చెప్పను. ఆ రోజు ఏ తొట్టి ఉండాలో నువ్వే చెప్పు. చేపల సంగతి నీకంటే తెలిసినవాడు ఇక్కడ లేడు." తలుపు వైపు ఒకసారి చూశాడు. "పర్మనెంట్ లిస్టు పైకి పోయింది. నీ పేరు రాశాను. వాళ్లేం చేస్తారో నా చేతిలో లేదు."

ఇద్దరికీ అర్థమైంది. పెద్ద తొట్టిలో చేప చస్తే చంపింది నీళ్లే. చిన్న తొట్టిలో చస్తే ఎవరు చంపారో ఎవరు చెప్పగలరు?

ఇంటికి పోయి సోమమ్మకు చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని వింటోంది. పొగ పడదని తెలిసినా అక్కడే కూర్చునేది.

"ఏం జెయ్యమంటవ్?"

"నన్నెందుకు అడుగుతవ్? నా రోగం పేరు జెప్పి నువ్వు అబద్ధమాడితె, గా పాపం నాకు గూడ సుట్టుకుంటది."

"అబద్ధం ఆడమంటలేరు. తొట్టి ఏదో జెప్పుమంటున్నరు, గంతే."

"అయితె అడిగినదానికే జవాబు చెప్పు. అడగనిదానికి చెప్పకు," అంది సోమమ్మ. పొయ్యిలో కట్టె ఎగదోసి, "అడుగుతె ఏం జేస్తవ్?" అని తనే అడిగింది.

మర్నాడు చిన్నరాములు గోదాములోనుంచి రెండడుగుల తొట్టి తీసి, కడిగి, అవే ఈటీపీ నీళ్లు నింపి, హాల్లో పెట్టాడు. బతికున్నవాటిలో ఎనిమిదింటిని అందులో వేశాడు. పెద్ద నీలం చేపను కూడా. మిగిలినవాటిని వెనుక సిమెంటు తొట్టిలోకి మార్చాడు. ఆరడుగుల తొట్టిని ట్రాలీలో ఎక్కించుకోవడానికి యాదన్న వచ్చాడు, హైదరాబాదులో ఎవరో అడిగారని. చిన్న తొట్టి చూసి, "ఇదేందే రాములన్నా, అన్నీ తెల్సినంక గూడ..." అని మొదలుపెట్టి, చిన్నరాములు ముఖం చూసి ఊరుకున్నాడు.

కమిటీ వచ్చిన రోజు రాళ్లమడుగు నుంచి ఐదుగురు వచ్చారు. ముందు ఆగమ్మ. చిన్నరాములుకు మేనత్త. తల్లి లేని అతన్ని ఎత్తుకు తిప్పిన మనిషి. మూడు బర్రెలే ఆమె బతుకు. చేపలు తేలిన ఏడు నుంచి ఆమె బర్రెలను వాగు దగ్గరికి పోనిచ్చేది కాదు. మైలున్నర నడిపించి బోరింగు దగ్గర తాగించి తెచ్చేది, ఎనిమిదేళ్లుగా.

అధికారులు గొట్టం చూశారు, కాగితాలు చూశారు, హాల్లో చాయ్ తాగారు. అప్పుడు ఆగమ్మ తొట్టి దగ్గరికి పోయి ముక్కు అద్దానికి ఆనించింది. నీలం చేప రాయి పక్కన వెల్లకిలా ఉంది. పొద్దున బతికే ఉంది.

"రాములూ, గిదెందుకు సచ్చింది బిడ్డా?"

చలపతిరావు కప్పు పట్టుకుని నేల చూస్తున్నాడు. చిన్నరాములు చెయ్యి ముంచి చేపను తీశాడు. తోక పీలికలై ఉంది. వీపు మీద పొలుసులు లేచాయి. అన్నిటినీ తరిమిన చేపనే చివరికి అన్నీ కలిసి తరిమాయి. అతను బొటనవేలితో మొప్ప ఎత్తాడు. మందారం కాదు, ఇటుకా కాదు. ఒక పక్క ఎరుపు ఉంది, ఒక పక్క మసక ఉంది. అతను చాలాసేపు చూశాడు. అంతసేపు చూడటం అతని తండ్రి ఎన్నడూ చేయలేదు.

"కొట్లాడి సచ్చింది అత్తా," అన్నాడు. "తొట్టి సాలలే."

"గంతేనా?"

"గంతే."

ఆగమ్మ వెనక్కి తిరిగింది. "ఇన్నరా? రాములు మొప్ప సూసి చెప్పిండు. ఇగ మనమేం జెప్తం?" అంది మిగిలిన నలుగురితో. అధికారి ఒకాయన కాగితం చాపాడు. ఊరివాళ్లు చేపలను పరీక్షించి తృప్తి పడినట్టు అందులో ఉంది. ఆగమ్మ వేలిముద్ర వేసి, సిరా బొటనవేలిని తలకు రాసుకుంది. పోతూ పోతూ చిన్నరాములు చెంప నిమిరి, "సన్నగైనవ్ బిడ్డా, దినం తింటున్నవా?" అని అడిగింది.

దసరా దాటాక పర్మనెంట్ కాగితం వచ్చింది. కార్డు వచ్చింది. సోమమ్మను రామచంద్రాపురం ఈఎస్ఐ దవాఖానకు తీసుకుపోయి చూపించాడు. మందులు పనిచేశాయి. ఆమె గోడ పట్టుకోకుండా నడవసాగింది. అది చూసి సంతోషపడాలని అతను ప్రయత్నించాడు.

ఊళ్లో బర్రెలు మళ్లీ వాగుకు దిగాయి. ముందు ఆగమ్మవి, తర్వాత అందరివీ. చలికాలంలో ఆగమ్మ బర్రె ఒకటి నెలలు నిండకుండానే దూడను ఈనింది. చచ్చిన దూడ. సంక్రాంతి పోయిన వారానికి ఆ బర్రె కూడా పడిపోయింది. చిన్నరాములు చూడబోయాడు. ఆగమ్మ కొట్టం ముందు గడ్డిమోపు మీద కూర్చుని ఉంది.

"దిష్టి తాకింది బిడ్డా," అంది. "జనం నీళ్లంటున్నరు. నేనే తిట్టిన. రాములు చెప్పినంక నీళ్లని ఎట్లంటర్రా, వానికంటె మీకు ఎక్కువ తెల్సా అని గట్టిగ తిట్టిన."

ఆమె లోపలికి పోయి గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మిగిలిన బర్రెల పాలవి. అతను చివరి చుక్కదాకా తాగాడు.

ఆ తర్వాత వానలకు ఎగువ చెరువు పొంగి, ఎన్నాళ్లకో వాగులోకి నాలుగు చేపలు దిగాయి. కుర్రాళ్లు పట్టి ఒడ్డున పోసి అతనికి కబురు పంపారు. డ్యూటీ ఉందని చెప్పించాడు. ఆ రోజు అతనికి వారపు సెలవు. ఇంట్లోనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ కబురు వచ్చింది, నువ్వొచ్చేదాకా ముట్టేది లేదని. సోమమ్మ గుమ్మంలో నిలబడి, లేడని చెప్పి పంపింది. అబద్ధమాడటం ఆమెకు అదే మొదటిసారి. చేపలు సాయంత్రందాకా ఒడ్డునే ఉండి పాడైపోయాయని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి అన్నం ముందు సోమమ్మ, "ఈ ఊళ్లె నువ్వుండలేవు," అంది. అతను కాదనలేదు.

కిష్టారెడ్డిపేటలో ఒక గది కిరాయికి దొరికింది. ఫ్యాక్టరీకి దగ్గరని ఊళ్లో చెప్పుకున్నారు. నిజానికి దూరం. సామాను ఎంతో లేదు. మంచం, బియ్యపు డబ్బా, రెండు ట్రంకులు. అటక మీది వలను దింపలేదు. బుధవారం మధ్యాహ్నం, మగవాళ్లంతా పనులకు పోయి ఊరు సద్దుమణిగిన వేళ ట్రాక్టరు తెప్పించాడు. సోమమ్మ ఇంజను పక్క మడ్‌గార్డు మీద కూర్చుంది. అతను ట్రాలీలో ట్రంకు మీద కూర్చున్నాడు.

దారి వాగు పక్కనుంచే పోతుంది. మోకాలి లోతు నీళ్లలో ఆగమ్మ నిలబడి బర్రె వీపు గడ్డితో రుద్దుతోంది. ఆమె వీపు ఇటువైపు ఉంది. రెండో బర్రె మూతి ముంచి తాగుతోంది.

"బండి ఆపుమను. అత్తకు చెప్పి రాపో," అంది సోమమ్మ.

డ్రైవరు వెనక్కి చూశాడు. "ఆపాల్నా?"

చిన్నరాములు తాగుతున్న బర్రెను చూశాడు. దాని గొంతులో గుటకలు ఇక్కడికి కనబడుతున్నాయి. దిగితే ఆమె ముందు నిలబడాలి. నిలబడితే ఆమె అడుగుతుంది, ఎందుకు పోతున్నవ్ బిడ్డా అని.

"వద్దు, పోనీయి," అన్నాడు.

ట్రాక్టరు చప్పుడుకు ఆగమ్మ చెయ్యి ఆగింది. ఆమె తల తిప్పేలోపు అతను వాగుకు వీపు తిప్పి కూర్చున్నాడు.